కుక్క పేరు మీద ఖాతా

నేను చెప్పేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమున్నా ఈ షాపు రేకుల కప్పు ఉన్నపళంగా నా నెత్తిన కూలాలి, జాసింటా. పైకి చూడు. కూలిందా? లేదు కదా. అంటే ఇప్పటిదాకా అంతా నిజమే. ఇక మీదటా అంతే. రాసుకో.

అసలు మీ హెడ్డాఫీసు వాళ్ళకి సిగ్గనేది ఉందా అని అడుగుతున్నా! నువ్వు జవాబు చెప్పనక్కర్లేదులే. అడిలైడ్ నుంచి మూడు గంటలు కారు తోలుకుంటూ వచ్చావు, అదీ తెల్ల బూట్లేసుకుని. ఈ పికెట్స్ బోర్ ఊరికి తెల్ల బూట్లతో వచ్చిన మనిషిని నా డెబ్భై ఆరేళ్ళ బతుకులో చూళ్ళేదు. ఇక్కడ పెళ్ళికూతుళ్ళు కూడా మట్టిరంగువే వేసుకుంటారు. కూర్చో. ఆ స్టూలు మీద కాదు, దాని కాలు విరిగింది. ఇదిగో, ఈ దాణా బస్తా మీద. ఏం కాదు, నీకు పదింతలున్న వాళ్ళని మోసింది అది.

టీ తాగు. చక్కెర ఎక్కువే వేశాను. వద్దన్నా వేశాను. నీకు అవసరం పడుతుంది.

గడియారం కేసి చూడకు. పదిన్నరేగా అయింది. పదకొండు దాటేదాకా నిన్ను కదలనివ్వను.

ఏదీ, ఆ కాగితంలో ఏం రాసుకొచ్చావు? "విచారణ." అబ్బో! "వాల్మే ట్రెన్‌గోవ్, కౌంటరు ఉద్యోగి, అనుమతి లేకుండా కస్టమర్ల గుంపొకటి తయారుచేసి, అందులోని అరవై మూడు మందికి అవమానకరమైన మెసేజీలు పంపినది." అరవై మూడా? అవును, అరవై మూడే. ఆరు వేల మందికి పంపుదామనే ఉండింది నాకు. మీరు అంతమంది లేరు, నేనేం చెయ్యను?

చేశావా లేదా అంటావు. వస్తున్నా తల్లీ, దానికే వస్తున్నా. తప్పిపోయిన గొర్రెని వెతకాలంటే గేటు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. పొలం మధ్యలో నిలబడి కేకలేస్తే వస్తుందా?

పోయిన ఏడాది ఆఖర్లో మీ దగ్గర్నుంచి ఒకాయన దిగాడు, కొత్త సాఫ్ట్‌వేరు నేర్పుతానని. గడ్డానికి నూనె రాసుకున్నాడు. ఆ వాసనకి పదూళ్ళ ఈగలు ఒక్కచోట చేరాయి. ఆ ఈగల్ని తోలుకుంటూనే చెప్పాడు. "దీనికి కోడింగ్ ఒక్క ముక్క రానక్కర్లేదు. మీ అమ్మమ్మ కూడా చేసేస్తుంది" అన్నాడు. షాపులో ఉన్న అమ్మమ్మని నేనొక్కదాన్నే! "ఎవరి అమ్మమ్మ నాయనా?" అన్నాను. ఆయన మొహం ఉడకబెట్టిన పీతలా అయింది.

కానీ నిజం చెప్పొద్దూ, ఆ పని నాకు నచ్చింది. తెర మీద రంగురంగుల పెట్టెలు. "ఎవరు" అనేది నీలం పెట్టె. "ఏం కొన్నారు" అనేది పచ్చది. "ఎప్పుడు" అనేది పసుపుది. మౌస్‌తో పట్టుకుని లాక్కొచ్చి ఒకదాని కింద ఒకటి పడెయ్యడమే. అడుగున ఒక అంకె ఉంటుంది. మొత్తం కస్టమర్లు నాలుగు వందల పన్నెండు. "గొర్రెల నులిపురుగు మందు కొన్నవాళ్ళు" అని ఒక పెట్టె పడేస్తే నూట తొంభై అవుతుంది. దాని కింద "ఈ నెలలో" అని పడేస్తే ముప్పై ఒకటి. ఆ ముప్పై ఒక్కమందికీ ఒకే మెసేజీ. జల్లెడ పట్టడమే కదా!

జల్లెడ పట్టడం నాకు కొత్తా? పెళ్ళికి ముందు పదేళ్ళు ఉన్ని కొట్టాల్లో పనిచేసిన దాన్ని. బల్ల మీద ఉన్ని పరిస్తే, కళ్ళు మూసుకుని వేళ్ళతో పట్టుకుని ఇది ఏ రకమో, ఏ మందలోదో, ఆ గొర్రె ముందురోజు ఏం తిందో కూడా చెప్పేదాన్ని. కప్పు కూలలేదు, చూడు. నిజమే.

రెండు రోజుల్లో నేను మీ గడ్డమాయనకే పాఠం చెప్పే స్థితికి వచ్చాను. పంపించాను మెసేజీలు. ఎలుకల మందు కొన్నవాళ్ళకి బోనుల గురించి. కోళ్ళు పెంచేవాళ్ళకి మేత గురించి. అంతా బాగానే నడిచింది.

బాగానే నడిచింది, ఎందుకంటే అసలు సంగతి మీకు తెలియదు. ఆ నాలుగు వందల పన్నెండు మందిలో మూడు వందల తొంభై మంది కుక్కలు.

ఏంటలా చూస్తావు? టీ ఒలకబోస్తున్నావు చూసుకో. కుక్కలమ్మా, కుక్కలు. నాలుగు కాళ్ళు, ఒక తోక.

మూడేళ్ళ కింద మీరీ షాపు కొన్నారు కదా. కొన్న మర్నాడే ఒక ఫారం పంపారు. ప్రతి కస్టమరుకీ ఖాతా తెరవాలి, పేరు, పుట్టిన తేదీ, ఫోను నంబరు తీసుకోవాలి, లేకపోతే బిల్లు రాదు. మొదట వచ్చింది క్లారీ. ముళ్ళ తీగ కోసం వచ్చాడు.

"పేరు చెప్పు క్లారీ" అన్నాను.

"నా పేరు నీకు తెలీదా వాల్? చిన్నప్పుడు నన్ను బావిలోకి తోసిందానివి!"

"నాకు తెలుసులే. మిషనుకి తెలీదు."

"దానికి తెలియాల్సిన పనేంటి? మేజర్ అని రాయి."

మేజర్ ఎవరంటే క్లారీ కుక్క. బయట బండి వెనకాల నాలుక వేలాడేసుకుని కూర్చునుంది.

"ఇంటిపేరు?"

"వాడిదీ నాదీ ఒకటే."

"పుట్టిన తేదీ?"

"మూడేళ్ళ కిందటి ఈస్టరు. అమ్మగారి పేరు కూడా కావాలా?"

రాశాను. మేజర్ అనే రాశాను. బిల్లు వచ్చింది. వెనకాల వరుసలో నిలబడ్డ వాళ్ళంతా అది విన్నారు. సాయంత్రానికల్లా ఊళ్ళో కుక్కలన్నీ మీ కంపెనీ ఖాతాదారులైపోయాయి.

తప్పంటావా? ఈ ఊళ్ళో మనిషికంటే ముందు కుక్కే కనిపిస్తుంది. బయట ఆగిన బండి వెనకాల ఏ కుక్క కూర్చుందో చూస్తే చాలు, లోపలికి ఎవరొస్తున్నారో నాకు తెలిసిపోతుంది. కౌంటరు దగ్గరికి రాగానే నేనడిగే మాట ఒకటే. "మేజర్ మీదేనా?" "జింజర్ మీదేనా?" ఆ, అంటారు. అయిపోతుంది.

ఇంకో సంగతుంది. ఇది మీ సాఫ్ట్‌వేరు ఏ పెట్టెలోనూ లేదు. కుక్క చచ్చిపోతే, దాని మనిషి వచ్చి కౌంటరు ముందు నిలబడి "వాల్, పేరు మార్చు" అంటాడు. అంతే. నేను మారుస్తాను. ఎలా పోయింది, ఎప్పుడు పోయింది, ఏమీ అడగను. ఆ రోజు మాత్రం వాళ్ళు కొన్న బస్తా నేనే బండి దాకా మోస్తాను. నా నడుము విరిగినా సరే మోస్తాను. మా ఊళ్ళో పలకరింపు అంటే అదీ.

నవ్వొస్తోంది కదా నీకు, కుక్కల ఖాతాలంటే? నవ్వు. మేమూ నవ్వాం. జనవరిలో, బళ్ళు తెరిచే ముందు, మీరేం చేశారు? పన్నెండేళ్ళ లోపు వాళ్ళని జల్లెడ పట్టి, "బడికి సిద్ధమా?" అని మెసేజీలు పంపించారు. "ప్రియమైన మేజర్, ఒకటో తరగతి మొదలవుతోంది! అన్నం డబ్బా కొన్నావా?" అని. క్లారీ మర్నాడు మేజర్‌కి వీపున సంచీ కట్టి, మెడలో నీళ్ళ సీసా వేలాడదీసి షాపులోకి నడిపించుకొచ్చాడు. "టీచరుగారూ, మావాడు లెక్కల్లో కొంచెం వెనకబడ్డాడు" అన్నాడు. నేను నవ్వి నవ్వి మూడు రోజులు మంచం దిగలేదు. మీరేమో పికెట్స్ బోర్‌లో పిల్లలు ఇంతమంది ఉన్నారా అని సంబరపడి, ఒక లారీడు రంగు పెన్సిళ్ళు పంపారు. అదిగో, ఆ మూల ఉన్నాయి. గొర్రెలకి గుర్తులు పెట్టడానికి వాడుకుంటున్నాం.

ఇంతవరకూ నవ్వు. ఇక నవ్వకు.

ఆల్విన్ పాస్కో అని ఒకాయన ఉన్నాడు. ఎనభై ఒక్కేళ్ళు. తారు రోడ్డు అయిపోయాక మట్టిరోడ్డు, అదీ అయిపోయాక మూడు గేట్లు, మూడో గేటు తరవాత ఆయన ఇల్లు. భార్య నాన్స్ పోయి ఆరేళ్ళయింది. ఒంటరి అని మేం ఎప్పుడూ అనుకోలేదు, డచెస్ ఉంది కదా అని. డచెస్ అంటే ఆయన కుక్క. ముసలిది, ఒక చెవి నల్లన, ఒక చెవి ఎర్రన. రాణీగారిలా బండి ముందు సీట్లోనే కూర్చునేది, వెనకాల ఎక్కితే దాని పరువు పోతుంది. ఆల్విన్‌ది మాట్లాడే తత్వం కాదు. ఏడాదికి ఏడు మాటలు మాట్లాడతాడు, అందులో నాలుగు డచెస్‌తోనే. రెండు వారాలకోసారి గురువారం వచ్చేవాడు. కుక్క బిస్కెట్ల బస్తా ఒకటి, దగ్గు బిళ్ళల పొట్లం ఒకటి. "డచెస్ మీదేనా?" అని నేను. ఆ, అని ఆయన.

మార్చి నుంచి రాలేదు.

నేనేమనుకున్నాను? పోర్ట్ లింకన్‌లో చెల్లెలుంది, అక్కడికి వెళ్ళుంటాడనుకున్నాను. అనుకున్నాను... అనుకుని ఊరుకున్నాను. దాని సంగతి తరవాత చెబుతా. ముందు మీ సంగతి తేలాలి.

అక్టోబరు ఆఖర్లో ఉత్తర్వు పంపారు మీరు. ఆర్నెల్లుగా ఏమీ కొననివాళ్ళని వేరు చెయ్యి, వాళ్ళకి "మీరు లేక మాకు బెంగగా ఉంది" అని మెసేజీ పంపాలి, రాకపోతే వారానికి మళ్ళీ, రాకపోతే మళ్ళీ. సరేనని కూర్చున్నాను. "ఎప్పుడు" పెట్టె లాగాను, ఆర్నెల్లు అని పెట్టాను. అడుగున అంకె మారింది. తొమ్మిది.

తొమ్మిది పేర్లూ చదివాను. ఎనిమిదింటికి నా దగ్గర సమాధానముంది. ఇద్దరు ఊరు వదిలారు. ఒకడు నామీద అలిగాడు, వాడి పంది బరువు గురించి నేనో మాటన్నానని. ఇంకొకడు జైల్లో ఉన్నాడు, జైల్లోకి దాణా ఎలాగూ పంపలేం. అలా ఎనిమిది. తొమ్మిదోది డచెస్.

ఆ పేరు చూడగానే మౌస్ వదిలేశాను, జాసింటా. పద్నాలుగేళ్ళ కుక్క. ఏడు నెలలుగా బిస్కెట్లు కొనలేదు. ఇందులో తెలియడానికి ఏముంది? కోడింగ్ కావాలా దీనికి?

సరే, ఈ ఒక్కదాన్నీ తీసేద్దామని చూశాను. పేరు మీద నొక్కి పక్కకి లాగాను. రాదు. ఎంత లాగినా రాదు. మీ సహాయ కేంద్రానికి ఫోను చేశాను. ఒకమ్మాయి ఎత్తింది. పాపం, గొంతు మంచిదే. "ఒక్క మనిషిని తీసెయ్యడం కుదరదండీ. రకాన్ని తీసెయ్యొచ్చు" అంది.

విన్నావా? మనిషిని కుదరదట. రకాన్ని అయితే కుదురుతుందట.

ఇంక నేను ఆల్విన్ ఏ రకమో కనుక్కోవడానికి కూర్చున్నాను. గురువారం కొనేవాళ్ళు, అని పెట్టెతో తీసేస్తే ఇంకో ఇద్దరు పోతారు. దగ్గు బిళ్ళలు కొనేవాళ్ళు, అంటే నలుగురు. ఉన్నికి రకాలుంటాయమ్మా, గొర్రెకి రకాలుంటాయి, మేకుకి రకాలుంటాయి. ఏడాదికి ఏడు మాటలు మాట్లాడేవాడికి, భార్య పోయినా కోటు మీద ఆవిడ కుట్టిన బొత్తాలు మార్చనివాడికి, కుక్కని ముందు సీట్లో కూర్చోబెట్టేవాడికి పెట్టె ఏ రంగులో ఉంది? వెతికాను. టీ చల్లారిపోయింది, వెతుకుతూనే ఉన్నాను. "పంపు" అనే మీట జోలికి మాత్రం పోలేదు.

మరి ఎవరు నొక్కారు?

నాకు తెలుసు ఎవరు నొక్కారో. తెర మీదే ఉంటుంది కదా, పేరూ గంటా. "పికెట్స్ బోర్ గుంపు ఆలస్యమైనందున హెడ్డాఫీసు నుంచి పంపబడింది. మంగళవారం, పదకొండు గంటల రెండు నిమిషాలు. జాసింటా."

తాగు. ఆ టీ తాగు. చక్కెర ఎందుకేశానో ఇప్పుడు తెలిసిందా?

నీ తప్పు కాదంటావు. నూట నలభై షాపులు నీకింద, అన్నీ ఒకేసారి పంపావు. నిజమే. నేను కాదనలేదే! ఆ తొమ్మిది పేర్లూ నువ్వు చదివి ఉన్నా నీకు డచెస్ ఎవరో తెలిసేది కాదు. అదే నా బాధ. నా కోపం కూడా అదే.

మూడు మంగళవారాలు వెళ్ళాయి మెసేజీలు. మూడోది వెళ్ళిన మధ్యాహ్నం, బయట బండి ఆగింది. తలెత్తి చూశాను. ఆల్విన్ బండి. ముందు సీట్లో ఆయన పక్కన ఎవరూ లేరు.

లోపలికి వచ్చాడు. టోపీ తీశాడు. మనిషి ఎండిపోయి సగమయ్యాడు, బెల్టు రెండుసార్లు చుట్టుకున్నాడు నడుముకి. ఫోను తీసి కౌంటరు మీద పెట్టాడు, చచ్చిన పిట్టని పెట్టినట్టు.

"వాల్, వాళ్ళని ఆపమని చెప్పగలవా?" అన్నాడు.

అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. నేను ఊరుకోలేక "ఇన్నాళ్ళూ ఎక్కడ కొంటున్నావు ఆల్విన్, తిండి సంగతేంటి?" అన్నాను. ఎనభై కిలోమీటర్లు వెళ్ళి వేరే ఊళ్ళో రొట్టె కొనుక్కుంటున్నాడట. ఎందుకంటే... ఎందుకంటే ఇక్కడికొస్తే నేను అడుగుతాను కదా. "డచెస్ మీదేనా?" అని. ఆ మాటకి ఏం చెప్పాలో ఆయనకి తెలియలేదట. "పేరు మార్చు" అందామంటే, మార్చడానికి ఇంకో పేరు లేదు.

టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఫోను తీసుకెళ్ళలేదు.

బస్తా మోద్దామని నేను కౌంటరు చుట్టూ తిరిగి వచ్చాను. బస్తా ఏదీ? ఏమీ కొనలేదుగా. ఉత్త చేతులతో గుమ్మంలో నిలబడ్డాను.

అదిగో ఆ అరలో ఉంది ఫోను, సబ్బుల పక్కన. మర్నాడు క్లారీ పట్టుకెళ్ళాడు ఇద్దామని. ఆల్విన్ తలుపు తియ్యలేదు. గేటు స్తంభం మీద పెట్టి వచ్చాడు. ఆ మర్నాటికల్లా టపా బండిలో నాకే తిరిగొచ్చింది, పైన ఆల్విన్ చీటీ. "అది డచెస్ ఫోను" అని రాశాడు. నవంబరు కదా, ఎండాకాలం నెత్తి మీదికొచ్చింది, ఎడారి నుంచి వేడి ఉత్తరపు గాలి మొదలైంది, కార్చిచ్చు హెచ్చరిక ఫోనుకే వస్తుంది, ఫోనేమో నా సబ్బుల పక్కన. మూడు గేట్లవతల ఎనభై ఒక్కేళ్ళ మనిషి. ఇప్పుడు చెప్పు, అవమానం ఎవరికి జరిగింది? మీ అరవై మూడు మందికా?

ఆగు. మాట్లాడకు. పదకొండు అయింది. ఒక్క నిమిషం... ఇంకో నిమిషం...

విన్నావా?

"టింగ్" అంది. లే, వెళ్ళి తీసి చదువు. గట్టిగా చదువు, నా చెవి మంచిదే అయినా గట్టిగా చదువు. కాదులే, ఇలా ఇవ్వు, నేను చదువుతా. "డచెస్, ఇంకా అలకేనా? మా తలుపు నీ కోసం తెరిచే ఉంది! పదిహేను శాతం తగ్గింపు ఈ వారమే!" నాలుగోది. పంపినవాళ్ళ పేరు లేదు కానీ, పంపినావిడ నా దాణా బస్తా మీదే కూర్చునుంది.

పైకి జరుపు. పైకి, ఇంకా పైకి. మొదటి మెసేజీ దగ్గరికి. దానికి ఆయన జవాబు రాశాడు, చూడు. ఒక్కో అక్షరం నొక్కడానికి పూట పట్టి ఉంటుంది.

"అయ్యా, డచెస్ మార్చి పద్నాలుగున చనిపోయింది. పద్నాలుగేళ్ళు బతికింది, బాధపడకుండా పోయింది. మీరు తలుచుకున్నందుకు కృతజ్ఞతలు. ఆమె ఇక రాదు. ఇట్లు, ఏ. పాస్కో."

దాని కింద మీ మిషను జవాబు. "ధన్యవాదాలు డచెస్! నీ కూపను నీ కోసం ఎదురుచూస్తోంది!"

"ఆపు" అని ఒక్క మాట కొడితే ఆగిపోతాయట కదా మెసేజీలు? అడుగున చీమతలంత అక్షరాల్లో రాసుంది. ఒక్క మాట కొట్టేవాళ్ళకి మీ మిషను వింటుంది. మర్యాదగా అయ్యా అని మొదలుపెట్టి సంతకంతో ముగించేవాడి మాట దానికి ఎక్కదు.

ఆయన ఫోను వదిలి వెళ్ళిన రోజు రాత్రంతా... లేదులే, రాత్రి హాయిగా పడుకున్నాను, నాకు కోపమొస్తే నిద్ర బాగా పడుతుంది. పొద్దున లేచి చేశాను. అవును, చేశాను. రాసుకో. నీలం పెట్టె లాగి "హెడ్డాఫీసు సిబ్బంది" అని పెట్టాను. మీకందరికీ సిబ్బంది తగ్గింపు ఖాతాలున్నాయి కదా! దాని కింద పచ్చ పెట్టె, "పికెట్స్ బోర్‌లో ఎన్నడూ ఏమీ కొననివారు". అంకె అరవై మూడు. రెండంటే రెండు పెట్టెలు, జాసింటా! ఒక్క ఆల్విన్‌కి రకం దొరక్క నేను అంత అవస్థ పడ్డానా, మీరందరూ ఎంచక్కా ఒకే రకం! కళ్ళు మూసుకుని వేరుచెయ్యొచ్చు.

"ప్రియమైన ఫలానా, మీరు మా షాపుకి ఒక్కసారి కూడా రాలేదు. మాకేం బెంగ లేదు. మీరు లేకపోయినా గొర్రెలు మేస్తూనే ఉన్నాయి." రోజూ పొద్దున ఆరింటికి, అయిదు రోజులు. మీ పెద్దాయన స్నానాల గదిలో కాలు జారాడట కదా అది చదివి? జారలేదా? ఎవరో జారాడన్నారు. జారితే బాగుండేది.

నాకు పశ్చాత్తాపం లేదు. పెద్ద అక్షరాల్లో రాసుకో. లేదు.

ఒకదానికి ఉంది.

ఈ ఫోను వారం రోజులుగా నా అరలో ఉంది. ఆ "ఆపు" అనే ఒక్క మాట నేనే కొట్టి ఉండొచ్చు. ఎప్పుడో కొట్టి ఉండొచ్చు. కొట్టలేదు. ఎవరో ఒకరు వస్తారు అడిలైడ్ నుంచి, నా మీద విచారణకి అని నాకు తెలుసు. మంగళవారమే రమ్మని నేనే పట్టుబట్టాను, గుర్తుందా? "టింగ్" అన్నప్పుడు ఆ మనిషి ఈ గదిలో ఉండాలని. చనిపోయిన దాన్ని ఇంకో వారం నిలబెట్టి పిలిపించాను, నా కోపం తీరడానికి. ఆల్విన్ వింటే ఏమంటాడో తెలియదు.

ఇంకోటి కూడా ఉందిలే. రాసుకోవద్దు, పెన్ను కింద పెట్టు.

మార్చిలో రెండు గురువారాలు ఆయన రాకపోతేనే నాకు తెలియాలి. మూడోదానికి నేను వెళ్ళాలి. దూరపు చూపు మసకేసిందని ఆగస్టులో నా లైసెన్సు లాక్కున్నారు, పోస్టు డబ్బా నా కారుకి అడ్డమొచ్చిందని. కానీ మార్చిలో లైసెన్సు ఉంది కదా? ఏప్రిల్లో ఉంది. మేలో ఉంది. నాకు మీ పెట్టెలు కొత్తగా వచ్చాయి. అంకెలు చూసుకుంటూ కూర్చున్నాను, తెర మీద అంకె మారుతుంటే ఎంత బాగుండేదో. గుమ్మం కేసి చూడటం మానేశాను. ఏడు నెలల తరవాత ఒక పెట్టె నాకు చెప్పింది ఆల్విన్ రావడం లేదని. పెట్టె! నాకు! ఈ ఊళ్ళో కుక్క తుమ్మినా తెలిసే దానికి!

ఏడవకు. నేనేడవట్లేదు, నువ్వెందుకు? ఈగ పడి ఉంటుంది.

సరే. లే ఇక.

ముందు ఆ ఫోనులో ఆ మాట నువ్వు కొట్టు. నీ వేలితో. "ఆపు." ఊఁ. పంపు. వెళ్ళిందా? వెళ్ళింది.

ఇప్పుడు ఆ ఫోను జేబులో పెట్టుకో. ఈ రొట్టె తీసుకో, ఈ దగ్గు బిళ్ళలు కూడా. ఇదిగో ఖాళీ ఫారం. నీ పెన్ను రాస్తుందా? నాది తీసుకెళ్ళు. ఆ తెల్ల బూట్లు విప్పేసి నా రబ్బరు బూట్లు వేసుకో, వదులుగా ఉంటే కాగితం కుక్కుకో.

క్లారీ ఎందుకు వెళ్ళకూడదంటావా? క్లారీ వెళ్ళాడు, చెప్పాగా. ఊళ్ళో అందరూ ఒక కుక్కపిల్లని ఇద్దాం అంటున్నారు ఆయనకి. నోరు మూసుకోమన్నాను. రేకు తుప్పు పట్టి ఊడిపోతే ఇంకోటి కొట్టడం లాంటిదా ఇది? ఆయనకి కావాల్సింది కుక్కపిల్ల కాదు. ఆ మీట నొక్కిన మనిషి ఎదురుగా నిలబడి, నేనే నొక్కాను, ఇక రావు, అని చెప్పాలి. ఆ మాట నేను చెప్పలేను. నేను నొక్కలేదుగా.

మట్టిరోడ్డు మీద నిదానంగా పో. ముందు తలుపు కొట్టకు, ముందు తలుపు కొట్టేది పోలీసులూ చర్చి ఫాదర్లే. వెనక్కి చుట్టూ తిరిగి వెళ్ళు, కొట్టంలో ఉంటాడు. ముందు నీ పేరు చెప్పు. తరవాత ఆ ఫారం ఇచ్చి పేరు అడుగు. ఆయన పేరు. ఆయన నోటితో చెప్పించి ఆయన చేత్తో రాయించు. ఈసారి ఆయన నా కౌంటరు దగ్గరికొస్తే నేను అడగాల్సిన మాట అదే. "ఆల్విన్ మీదేనా?"

మళ్ళీ డచెస్ అనే రాయమంటే? రాయమంటే రాయి. నేను అడగడం మానేస్తాను, తలూపుతాను. అది ఆయన ఇష్టం, మన రకాల్లోకి రాదు.

నా కాగితమా? విచారణ కాగితం? అక్కడే వదిలెయ్, రంగు పెన్సిళ్ళ మీద. సంతకం పెడతాలే, ఉద్యోగం తీసేస్తారో ఉంచుతారో మీ ఇష్టం. కానీ ముందు ఆయన సంతకం తీసుకురా, తరవాత నాది.

వెళ్ళు మరి. గేట్లు మూడు. తీసిన ప్రతి గేటూ మళ్ళీ వెయ్యి, మరిచిపోకు.